బడి తెరిచే రోజుకు ఒక లెక్క

2020 నవంబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో 9, 10 తరగతులకు బడులు తెరిచారు. మార్చిలో మూతపడ్డ తలుపులవి. మూడు రోజులు గడిచేసరికి ఒక అంకె బయటికొచ్చింది: 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కోవిడ్. టీవీ ముందు కూర్చున్న తల్లికి అది "బడికి పంపితే 262 మంది పిల్లలకు అంటుకుందట" అని వినిపించింది. అప్పటి పాఠశాల విద్యా కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు అదే అంకెను మరో వైపు నుంచి చూపించారు. బడికి వచ్చినవాళ్లు దాదాపు 4 లక్షలనీ, అందులో 262 అంటే 0.1 శాతం కూడా కాదనీ, బడికి రావడం వల్లే సోకిందనడం సరికాదనీ ఆయన చెప్పారు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. తల్లి చేతిలో అంకె ఉంది, ఆ అంకె ఎంతమందిలోదో లేదు. కమిషనర్ చేతిలో ఆ రెండూ ఉన్నాయి. అయినా ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక హెడ్మాస్టరుకు కావలసిన ప్రశ్నకు ఆ ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న ఇది: రేపు ఉదయం నా గేటు దాటి లోపలికి వచ్చే 500 మందిలో ఎంతమందికి జబ్బు ఉండొచ్చు?

ఈ అధ్యాయం ఆ ప్రశ్నకు మీ అంతట మీరు జవాబు కట్టుకోవడం గురించి. మీరు హెడ్మాస్టరు కావచ్చు, పీఈటీ కావచ్చు, తల్లిదండ్రుల కమిటీలో సభ్యులు కావచ్చు, బిడ్డను పంపాలా మానాలా అని రాత్రంతా ఆలోచించే తండ్రి కావచ్చు. డాక్టరు చదువు అక్కర్లేదు. గుణకారం, భాగహారం వస్తే చాలు. తెలియని విషయాన్ని అంచనా కట్టి, ఆ అంచనా మీద నిలబడి పని చేయగలగడం మనిషికి ఉండవలసిన పెద్ద బలాల్లో ఒకటని నా నమ్మకం. భయం వల్ల బడి మూతపడుతుంది, నిర్లక్ష్యం వల్ల పిల్లలు మంచాన పడతారు. బడిని తెరిచి ఉంచగలిగేది లెక్కే.

అంకెను నిలదీయండి

262 దగ్గరే కాసేపు ఆగుదాం. అందులో నేర్చుకోవలసింది చాలా ఉంది.

అధికారుల లెక్క ప్రకారం 9, 10 తరగతుల్లో నమోదైన పిల్లలు 9.75 లక్షలు. బడికి వచ్చింది 3.93 లక్షలు. 262ను 3.93 లక్షలతో భాగిస్తే ప్రతి 10,000 మందికి దాదాపు 7 వస్తుంది. ఉపాధ్యాయులు 1.11 లక్షల మందిలో 99 వేల మందికి పైగా హాజరయ్యారు. వాళ్లలో 160 అంటే ప్రతి 10,000 మందికి 16. పంతుళ్లలో పిల్లల కంటే రెట్టింపుకు పైగా కనిపిస్తోంది. పెద్దవాళ్లకు లక్షణాలు ఎక్కువగా బయటపడతాయి, పరీక్షకు వెళ్లేవాళ్లూ పెద్దవాళ్లలోనే ఎక్కువ. కాబట్టి ఈ తేడాలో కొంత జబ్బుది, కొంత వెతకడంలో తేడాది.

ఇప్పుడు బడికి రాని 5.82 లక్షల మంది గురించి ఆలోచించండి. ఆ 262 వాళ్ల గురించి ఏమీ చెప్పదు. ఒళ్లు బాగోలేని పిల్లవాడు ముందుగా చేసే పని బడి మానడం. వచ్చినవాళ్లను మాత్రమే లెక్కపెడితే జబ్బుపడ్డవాళ్లు ఆ లెక్కలోకి రాకుండానే పోతారు. బడుల్లో జబ్బుల అంచనా తప్పేది ఎక్కువగా ఇక్కడే.

తర్వాత తేదీ చూడండి. తెరిచింది 2వ తేదీ, అంకె వచ్చింది ఆ వారంలోనే. అప్పటి కోవిడ్ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడటానికి సగటున 5, 6 రోజులు పట్టేది. మూడు రోజుల్లో తేలిన కేసులంటే చాలావరకు బడికి రాకముందే, ఇంట్లోనో ఊళ్లోనో సోకినవి. ఆ విషయంలో కమిషనర్ మాట సరైనదే. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. మొదటి వారం అంకె బడిని నిందించలేదు, అలాగే బడి క్షేమమని హామీ కూడా ఇవ్వలేదు. తరగతి గదిలో ఏం జరిగిందో చెప్పే అంకె రెండు వారాల తర్వాత వస్తుంది. అప్పటికి టీవీలు ఇంకో వార్తకు వెళ్లిపోతాయి. అప్పుడు కూడా రిజిస్టరు చూసేవాడే మంచి హెడ్మాస్టరు.

ఇంకొక మాట. అదే నవంబరులో ఇంగ్లండ్‌లో బడులకే వెళ్లి, బడికి వచ్చిన పిల్లలకు పరీక్షలు చేశారు. జబ్బు లక్షణాలున్నాయా లేవా అని చూడకుండా చేసిన పరీక్షలవి. 1.24 శాతం విద్యార్థుల్లో, 1.29 శాతం సిబ్బందిలో వైరస్ కనిపించింది. అంటే ప్రతి 10,000 మంది పిల్లల్లో 124. మన దగ్గర 7. అప్పుడు అక్కడ జబ్బు జోరుగా ఉన్న మాట నిజమే. అయినా ఇంత తేడాను అదొక్కటే చెప్పలేదు. వాళ్లు వెతికి పట్టుకున్నవి లెక్కపెట్టారు, మనం కంటపడ్డవి లెక్కపెట్టాం.

కొల్లేటి చుట్టూ రొయ్యలు, చేపలు పెంచే రైతుకు ఇది చెప్పనక్కర్లేదు. చెరువులో ఎంత సరుకుందో తెలుసుకోవడానికి అతను నీళ్లన్నీ తోడించడు. విసురు వల నాలుగు చోట్ల వేసి, పడ్డవి తూచి, కౌంట్ కట్టుకుని, మేత ఎంత వేయాలో నిర్ణయిస్తాడు. మేత చల్లే చోటే వల వేస్తే ఎక్కువ పడతాయని, ఆ లెక్క నమ్మితే నష్టపోతానని అతనికి బాగా తెలుసు. జ్వరంతో ఆసుపత్రికి వచ్చినవాళ్లను మాత్రమే పరీక్షించి ఊరంతటి లెక్క కట్టడం అచ్చం మేత దగ్గర వల వేయడమే. ఒక్క వర్షాకాలం నష్టంతో రైతు నేర్చుకునే ఈ పాఠాన్ని బడి నడిపేవాళ్లు కూడా నేర్చుకోవాలి.

మీ బడికి మీ లెక్క

ఇక కాగితం, పెన్ను తీసుకోండి. తాడేపల్లిగూడెంలో 500 మంది చదివే ఉన్నత పాఠశాల అనుకుందాం. ఆ నవంబరు రేటు, అంటే 10,000 మందికి దాదాపు 7 (కచ్చితంగా చెబితే 6.67) చొప్పున, మీ బడికి 0.33 కేసులు. మూడో వంతు పిల్లవాడు ఉండడు కదా అని నవ్వేయకండి. ఇలాంటి బడులు మూడుంటే వాటిలో మొత్తం మీద ఒక కేసు ఉండొచ్చని దాని అర్థం.

ఇది కంటపడిన కేసుల రేటు. కంటపడనివి ఎన్ని? 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సీరో సర్వే ఫలితాలు ప్రకటించింది. రక్తంలో యాంటీబాడీలను బట్టి చూస్తే రాష్ట్రంలో 19.7 శాతం మందికి అప్పటికే వైరస్ సోకిపోయింది. 5 కోట్ల జనాభాలో అది కోటికి దగ్గర. అప్పటికి నమోదైన కేసులు 5 లక్షలకు కాస్త ఎక్కువ. అంటే నమోదైన ఒక్కొక్క కేసు వెనుక సుమారు 20 మంది. పరీక్షలు పెరిగేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది కాబట్టి నవంబరుకు 20 రెట్లు అనడం ఎక్కువే కావచ్చు. 5 రెట్ల నుంచి 20 రెట్ల దాకా అనుకుని రెండు చివరలా లెక్క కట్టుకోవడం తెలివైన పని. అదే ఏడాది వేసవిలో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బడి తెరిచిన మొదటి వారంలో ఎంతమంది జబ్బుతో వస్తారని ప్రతి కౌంటీకీ అంచనా వేసినప్పుడు, నమోదైనవాటికి 5 రెట్లని తీసుకున్నారు.

5 రెట్లయితే మీ 500 మందిలో 1.7 మంది. 20 రెట్లయితే 6 నుంచి 7. కాబట్టి మీ జవాబు "ఇద్దరి నుంచి ఏడుగురి దాకా". ఒకే అంకె చెప్పమని ఎవరు ఒత్తిడి చేసినా చెప్పకండి. అటూ ఇటూ హద్దులు చెప్పడం చేతకానితనం కాదు, నిజాయతీ.

ఇంకొక అడుగు వేద్దాం. "సగటున ఇద్దరు" అంటే తప్పకుండా ఒకరైనా ఉంటారని కాదు. కొన్ని బడుల్లో నలుగురుంటారు, కొన్నింటిలో ఒక్కరూ ఉండరు. గుర్తుంచుకోవడానికి ఈ నాలుగు మెట్లు చాలు: అంచనా 0.33 అయితే కనీసం ఒక కేసు ఉండే అవకాశం 28 శాతం. 1 అయితే 63. 2 అయితే 86. 3 అయితే 95. మన గూడెం బడికి 1.7 అనుకుంటే 80 శాతం దాటుతుంది. అలాంటి ఐదు బడుల్లో నాలుగింటిలో మొదటి రోజే ఎవరో ఒకరు ఉంటారు. ఇది తెలిసిన హెడ్మాస్టరు మొదటి కేసు బయటపడ్డ రోజున కంగారుపడడు. ముందే అనుకున్నదే జరిగింది కాబట్టి, ముందే అనుకున్న పని చేస్తాడు.

అదే లెక్కను కొల్లేటి లంకలో 40 మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు వేయండి. 5 రెట్లు తీసుకున్నా 0.13 వస్తుంది. ఎనిమిది బడుల్లో ఒకదానిలో ఒకరు. ఏలూరు నడిబొడ్డున వెయ్యి మంది చదివే బడికి ఉన్న నిబంధనలన్నీ ఈ చిన్న బడి మీద రుద్దడంలో అర్థం లేదు. అయితే చిన్న బడిలో పిల్లలంతా ఒకే గదిలో కూర్చుంటారు. కేసు వచ్చే అవకాశం తక్కువ, వస్తే మాత్రం మొత్తం బడికి తగులుతుంది. అందుకే ఆ బడికి కావలసింది తెరిచిన కిటికీలు, వరండాలో పాఠం, ఒంట్లో బాగోలేదని చెప్పిన బిడ్డను ఇంటికి పంపే ఏర్పాటు.

పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారు

జిల్లా సగటు మీ బడి సగటు కాదు. ఆ సీరో సర్వేలోనే రాష్ట్రం మొత్తం 19.7 శాతమైతే విజయనగరంలో 30.6, అప్పటి మన పశ్చిమ గోదావరిలో 12.3 శాతం వచ్చింది. జిల్లాల మధ్యే ఇంత తేడా ఉంటే మండలాల మధ్య, ఊళ్ల మధ్య ఎంత ఉంటుందో ఊహించండి.

ఏలూరు ఉన్నత పాఠశాలల్లో పవర్‌పేట, వన్‌టౌన్ పిల్లలే ఉండరు. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక నుంచి ఆటోల్లో, దెందులూరు, పెదపాడు వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవాళ్లుంటారు. ఒక ఆటోలో పది మంది కూర్చుని వచ్చే అరగంట తరగతి గది కంటే ఇరుకైనది. కాబట్టి మీ హాజరుపట్టీలో ప్రతి పేరు పక్కన ఊరు పేరు, వచ్చే వాహనం రాసి పెట్టుకోండి. ఒక ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయని ఆశా కార్యకర్త చెప్పిన రోజున మీ దగ్గర ఆ ఊరి పిల్లలు ఎంతమందో వెంటనే తెలియాలి.

తాడేపల్లిగూడెంలో ఈ లెక్క ఇంకో రూపం తీసుకుంటుంది. 2015లో మొదలైన ఎన్‌ఐటీ అక్కడే ఉంది. దాని సీట్లలో సగం మన రాష్ట్రం పిల్లలకు, సగం ఇతర రాష్ట్రాల వాళ్లకు. హాస్టళ్లు తెరిచే రోజున దేశం నలుమూలల నుంచి రైళ్లు దిగుతారు. ఉదాహరణకు 600 మంది వస్తున్నారనుకోండి. 300 మంది వెయ్యికి 1 చొప్పున జబ్బున్న ప్రాంతం నుంచి, 200 మంది వెయ్యికి 4 ఉన్న ప్రాంతం నుంచి, 100 మంది వెయ్యికి 10 ఉన్న ప్రాంతం నుంచి. విడివిడిగా లెక్కవేస్తే 0.3, 0.8, 1.0. మొత్తం 2.1. గూడెం రేటు వెయ్యికి 1 అనుకుని దాన్నే అందరికీ వేస్తే 0.6 వచ్చేది. మూడు రెట్లకు పైగా తేడా. అంతేకాదు, దాదాపు సగం ముప్పు ఆ 100 మంది దగ్గరే ఉంది. పరీక్షలు చేసే కిట్లు కొన్నే ఉంటే ఎవరితో మొదలుపెట్టాలో ఈ లెక్కే చెబుతుంది. ఆ ప్రాంతం పిల్లలను వేలెత్తి చూపడానికి మాత్రం దీన్ని ఎన్నడూ వాడకండి. రేటు ప్రాంతానిది. ఆ 100 మందిలో 99 మందికి జబ్బు లేదు.

ఇంకొకటి: బడి తెరవడం ఏడాదికి ఒక్కసారే కాదు. జూన్ 12న ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి, సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు చుట్టాలు వచ్చి వెళ్లాక ఇంకోసారి. 2022 జనవరిలో ఒమిక్రాన్ పెరుగుతున్నప్పుడు తెలంగాణ సెలవులు పొడిగించింది, ఆంధ్రప్రదేశ్ 17వ తేదీనే బడులు తెరిచింది. వరద తీశాక తెరవడం వీటన్నింటికీ అదనం. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ఉగ్రరూపం విజయవాడతో ఆగలేదు. ఆ నీళ్లన్నీ కొల్లేటికి చేరి కైకలూరు, మండవల్లి మండలాల లంక గ్రామాలను ముంచాయి. అలా మునిగి తేలిన ఊరి బడి తెరిచే రోజుకు జూన్ లెక్క పనికిరాదు. కొత్తగా కట్టుకోవాలి.

హాజరుపట్టీయే మీ పరికరం

కోవిడ్ పేరు వినగానే మిగతావి మరిచిపోతాం. మన బడుల్లో ఏటా వచ్చేవి వేరు: వానలు పడ్డాక వాంతులు విరేచనాలు, విషజ్వరాలు, డెంగీ, కళ్లకలక, ఆటలమ్మ, గవదబిళ్లలు, హాస్టళ్లలో గజ్జి. గోదావరి డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేసి జూన్‌లో మళ్లీ వదులుతారు. అడుగంటిన మంచినీళ్ల చెరువుల్లోకి కొత్త నీరు చేరే రోజులు, బడులు తెరిచే రోజులు ఒకటే. ఇది యాదృచ్ఛికమే, కానీ ఏటా జరిగేది. ఆ రెండు వారాలు తాగునీటి మీద కన్నేసి ఉంచడానికి ఏ సర్క్యులరూ అక్కర్లేదు.

ఈ జబ్బులకు జిల్లా అంకెలు మీ దాకా సమయానికి రావు. మీ దగ్గరున్న పరికరం హాజరుపట్టీ. దాన్ని వాడే పద్ధతి చెబుతాను. ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోండి.

గడచిన మూడు వారాల్లో ఒక తరగతిలో రోజుకు సగటున ఎంతమంది రాలేదో చూడండి. 40 మంది తరగతిలో 4 అనుకుందాం. 4కు వర్గమూలం 2. దాన్ని రెట్టింపు చేస్తే 4. సగటుకు కలిపితే 8. గైర్హాజరు 8 దాకా మామూలు హెచ్చుతగ్గే అనుకోవచ్చు. 9 అయితే కారణం వెతకాలి. 400 మంది బడి మొత్తానికి సగటు 36 అయితే వర్గమూలం 6, రెట్టింపు 12, హద్దు 48. ఈ చిన్న సూత్రం రెండు పనులు చేస్తుంది. రోజూ ఉలిక్కిపడకుండా కాపాడుతుంది, ఉలిక్కిపడవలసిన రోజును దాటవేయనివ్వదు.

హద్దు దాటిందంటే జబ్బేనని కాదు. ఆ రోజు ఊళ్లో పెళ్లి ఉండొచ్చు, నాట్లు ఉండొచ్చు, చేపల పట్టుబడికి పెద్ద పిల్లలను తీసుకెళ్లి ఉండొచ్చు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర కావచ్చు. అందుకే పట్టీలో "రాలేదు" అన్న గుర్తు ఒక్కటే పెట్టకుండా, పక్కన ఒక అక్షరం చేర్చండి. జ్వరానికి జ, విరేచనాలకు వి, కళ్లకలకకు క, పనికి ప. తరగతి లీడరు చెప్పినా సరిపోతుంది. నెల తిరిగేసరికి మీ ఊరి ఆరోగ్యం మీ పట్టీలో కనిపిస్తుంది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు నివేదికలు పంపుతారు. పిల్లవాడు ఆసుపత్రి మెట్లెక్కేలోపే బడి మానేస్తాడు కాబట్టి మీ పట్టీ వాళ్లకంటే ముందు మాట్లాడుతుంది. హద్దు దాటిన రోజున పీహెచ్‌సీకి ఫోన్ చేయండి.

జబ్బు క్యాలెండరు

ఒక కేసు వచ్చాక తర్వాత ఎన్ని వస్తాయన్నది వేరే అంచనా. దీనికి రెండు విషయాలు కావాలి: ఎవరికి రావడానికి వీలుంది, ఎప్పుడు వస్తుంది.

ఆటలమ్మ తీసుకోండి. 45 మంది తరగతిలో జులై 1న ఒక పాపకు పొక్కులు కనిపించాయి. అందరికీ వస్తుందని హడలిపోవద్దు. ఆ సాయంత్రమే తల్లిదండ్రులను అడగండి: మీవాడికి ఇంతకుముందు అమ్మవారు పోసిందా, ఆటలమ్మ టీకా వేయించారా? ఈ టీకా సార్వత్రిక టీకాల జాబితాలో లేదు కాబట్టి డబ్బు పెట్టి వేయించినవాళ్లకే ఉంటుంది. 32 మంది అవునన్నారనుకోండి. ఆ పాప పోను మీ లెక్కలో మిగిలింది 12 మంది. ఆ 12 మీ పై హద్దు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లలో అయితే రక్షణ లేనివారికి 10 మందిలో 9 మందికి అంటుకునే జబ్బు ఇది. తరగతిలో అంత దగ్గరతనం ఉండదు కాబట్టి తక్కువే వస్తాయి.

ఎప్పుడు? వైరస్ చేరాక 10 నుంచి 21 రోజులకు. కాబట్టి జులై 11 నుంచి 22 దాకా ఆ 12 మందిని రోజూ ఉదయం గమనించాలి. 5వ తేదీకి కొత్త కేసులు లేవని సంతోషించడం తొందరపాటు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా ఆ పాప ఇంట్లో ఉండాలి. బడిలో గర్భిణీ ఉపాధ్యాయురాలు ఉంటే, ఆమెకు చిన్నప్పుడు రాలేదంటే, ఆ రోజే డాక్టరును కలవమని చెప్పాలి. ఇది మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు. ఇంటి గుమ్మానికి వేపమండ కట్టే ఆచారం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. బడికి వెళ్లే దారిలో ఆ వేపమండ కనిపించిన ఇల్లేదో తెలిసిన టీచరుకు మొదటి కేసు సమాచారం ముందే అందినట్టే.

కళ్లకలక క్యాలెండరు వేరు. 2023 జులై, ఆగస్టుల్లో తెలుగు రాష్ట్రాల బడుల్లో, ముఖ్యంగా హాస్టళ్లలో, అది ఎలా చుట్టుకుందో టీచర్లకు గుర్తే. దానికి రెట్టింపు కాలం చూడాలి. ఇద్దరు రెండు రోజుల్లో నలుగురైతే, అదే వేగంలో ఆరో రోజుకు 16, ఎనిమిదో రోజుకు 32. హాస్టల్లో తువ్వాళ్లు, దిండ్లు వేరు చేసే పని ఆ నలుగురి దగ్గరే మొదలవ్వాలి. 32 దగ్గర మొదలుపెడితే అప్పటికే అంటుకోవలసినవాళ్లకు అంటుకుని ఉంటుంది.

కలుషిత నీటి వల్ల, తిండి వల్ల వచ్చే పచ్చకామెర్లది అన్నిటికంటే నిదానమైన క్యాలెండరు, 15 నుంచి 50 రోజులు. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్ల వల్ల జరిగిన విషాదం రాష్ట్రాన్ని కుదిపింది. అలాంటి చోట ఇవాళ్టి నీళ్లు పరీక్షించి బాగున్నాయని తేలితే ఊరుకోకూడదు. జబ్బు పుట్టింది నెల కిందటి నీళ్లలో. నెల కిందట ట్యాంకు ఎప్పుడు కడిగారు, ఆర్‌వో యంత్రం ఎన్ని రోజులు పనిచేయలేదు అని అడగాలి.

అన్నీ అంటువ్యాధులు కావు

ఈ పాఠం ఏలూరు కంటే బాగా ఎవరికీ తెలియదు. 2020 డిసెంబరు 5 నుంచి నగరంలో జనం ఉన్నట్టుండి మూర్ఛతో, నురగతో పడిపోయారు. 600 మందికి పైగా ఆసుపత్రికి వచ్చారు. పిల్లలూ ఉన్నారు. కోవిడ్ రోజులు కావడంతో కొత్త వైరస్ అన్న పుకారు ముందు పుట్టింది. కోవిడ్ పరీక్షలు నెగటివ్ వచ్చాయి. ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత పురుగుమందుల మీద అనుమానం బలపడింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదని తేలింది.

మీ బడిలో ఒకేరోజు 12 మంది వాంతులు చేసుకుంటే, మర్నాడు కొత్తవారెవరూ లేకపోతే, అందరూ ఒకే చోట తిన్నదో తాగిందో కారణమై ఉంటుంది. మధ్యాహ్న భోజనం, నీళ్ల ట్యాంకు, బడి బయట బండి, ఈ మూడింటినీ చూడాలి, మిగిలిన అన్నం, నీళ్లు పారబోయకుండా పరీక్షకు ఉంచాలి. అదే 12 మంది ఒకటి, మూడు, మూడు, ఐదు చొప్పున నాలుగు రోజుల్లో పడితే ఒకరి నుంచి ఒకరికి పాకుతోందని అర్థం. అప్పుడు పని చేతులు కడిగించడం, మరుగుదొడ్లు శుభ్రం చేయించడం, బాగోలేనివాళ్లను ఇంట్లో ఉంచడం. ఎవరు, ఏ ఊరు, ఏ రోజు, ఏ గంట, ఏం తిన్నారు అన్న ఐదు గడుల కాగితం ఒకటి స్టాఫ్ రూములో ముందే గీసి పెట్టుకుంటే ఆ తేడా మీకే కనిపిస్తుంది. డాక్టరు వచ్చేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

నిర్ణయం ముందు, అంకె తర్వాత

లెక్క వచ్చాక ఏం చేద్దామని కూర్చుంటే భయమే నిర్ణయం తీసుకుంటుంది. అందుకే అంకె రాకముందే రాసుకోండి. మీ అంచనా ఒకటి లోపుంటే ఏం చేస్తారు, ఒకటి దాటితే ఏం చేస్తారు, ఒకే తరగతిలో పది రోజుల్లో ముగ్గురు పడితే ఏం చేస్తారు. రాసిన కాగితం తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. ప్రభుత్వం పెడుతున్న మెగా పీటీఎంలలో మార్కుల గురించి గంట మాట్లాడతాం కదా, దీనికి పది నిమిషాలు ఇవ్వండి. "మన బడిలో మొదటి వారంలో ఇద్దరి నుంచి ఏడుగురికి జబ్బు ఉండొచ్చు, మేం ఇలా చేస్తాం, మీరు ఇలా చేయండి" అని ముందే విన్న తల్లి, ఆ ఇద్దరు బయటపడ్డ రోజున గేటు దగ్గరకు వచ్చి గొడవ చేయదు.

బడి మూసేయడం ఆ కాగితంలో చిట్టచివరి వరసలో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. 2020లో మూసిన ప్రాథమిక తరగతులు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఆ పది నెలల్లో ఎంతమంది ఆడపిల్లలకు పెళ్లిళ్లు అయ్యాయో, ఎంతమంది అబ్బాయిలు చెరువుల పనికి కుదిరారో మన ఊళ్లకు తెలుసు. మధ్యాహ్నం బడిలో తినే అన్నమే రోజుకు గట్టి తిండి అయిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఒక తరగతిని మూడు రోజులు ఇంట్లో ఉంచితే సరిపోయే చోట బడి మొత్తాన్ని పక్షం రోజులు మూయడం ఆ పిల్లలకు చేసే అన్యాయం.

లెక్క చెప్పేటప్పుడు ఒక నియమం తప్పకండి. అంకె బయటికి చెప్పండి, పిల్లవాడి పేరు చెప్పకండి. పేరు బయటపడ్డ ఇల్లు ఇంకోసారి జబ్బు దాచిపెడుతుంది. దాచిన జబ్బు మీ హాజరుపట్టీలో "ప" అన్న అక్షరంగా మారుతుంది. ఆ రోజు నుంచి మీ అంచనాలన్నీ తప్పుతాయి.

మీ బడి ఎప్పుడు తెరుస్తున్నా, అంతకు వారం ముందు ఒక సాయంత్రం కేటాయించండి. ఏ ఊరి నుంచి ఎంతమంది వస్తున్నారో రాయండి. ఎవరికి ఏ టీకాలు పడ్డాయో అడిగి రాయండి. పీహెచ్‌సీ డాక్టరు, ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఫోన్ నంబర్లు ఆఫీసు గోడ మీద అంటించండి, పక్కనే 104 రాయండి. నీళ్ల ట్యాంకు కడిగించి ఆ తేదీ దాని మీదే పెయింటుతో వేయించండి. తర్వాత మీ అంచనా, మీ హద్దు, మీ మొదటి అడుగు ఒక్క పేజీలో రాసి, సంతకం చేసి, సిబ్బంది అందరికీ చదివి వినిపించండి.